ఒక్కరి కంటికే కనబడే మొహం

తరళకి ఆ అద్దం మీద మొదటిసారి అనుమానం వచ్చింది జడ వేయించుకుంటున్నప్పుడు.

జడ వేస్తున్నది వాళ్లమ్మ నూకరత్నం. బయట ఆవిడ డాక్టర్ నూకరత్నం. విశాఖపట్నం కాంతి పరిశోధనశాలలో ఆవిడ అడుగుల చప్పుడు వినబడితే కుర్ర సైంటిస్టులు కాఫీ కప్పులు కింద పెట్టేసి లేచి నిలబడతారు. ఇంట్లో మాత్రం ఆవిడ పట్టు ఒక్కటే, కూతురి జడ తనే వెయ్యాలి. పద్దెనిమిదేళ్లు నిండినదాన్ని, కాలేజీలో తెలిస్తే నవ్విపోతారే అమ్మా అని తరళ ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టదు. పొద్దున్నే అద్దం ముందు కూర్చోబెట్టి, చిక్కు తీసి, నూనె రాసి, నున్నగా అల్లితేగానీ ఆవిడకి ఆఫీసుకి కాళ్లు కదలవు.

ఆ రోజు ఫోను ఛార్జింగులో ఉండిపోయింది. లేకపోతే తరళ తలెత్తేదే కాదు. జడ పూర్తయ్యాక నూకరత్నం కిందికి వంగింది. కూతురి కుడిభుజం మీద గడ్డం ఆనించి, పాపిడి వంకర పోయిందేమోనని అద్దంలోకి చూసింది. సరిగ్గా అప్పుడే తరళ కూడా చూసింది.

అద్దంలో అమ్మ మొహం ఉంది. వెనక బీరువా ఉంది. తన చున్నీ, మెడలో గొలుసు, అన్నీ ఉన్నాయి. తన మొహం ఉండాల్సిన చోట మాత్రం ముక్కూ మూతీ తెలియకుండా ఏదో తళతళలాడుతోంది. ఎండలో పోసిన చేపపొలుసుల్లా ఉంది.

"ఎంత ముద్దొస్తున్నావో చూడు" అంది నూకరత్నం అద్దంలోకే చూస్తూ, మురిసిపోతూ.

తరళకి ఒళ్లు ఝల్లుమంది. నాకు నా మొహమే కనబడటం లేదు, మరి ఈవిడ ఎవర్ని చూసి మురిసిపోతోంది? నోటి దాకా వచ్చిన మాటని మింగేసింది. నూకరత్నం నిటారుగా లేచింది, బ్యాగు తగిలించుకుంది, వెళ్లిపోయింది. ఆవిడ గుమ్మం దాటిన మరుక్షణం అద్దంలో తరళ మొహం తిరిగొచ్చింది. ఎడమబుగ్గ మీద కణత నుంచి దవడ దాకా ముడతలు పడ్డ ఎర్రటి మచ్చతో సహా, ఉన్నది ఉన్నట్టు వచ్చింది.

ఆ మచ్చ సంగతి చెప్పాలి.

నాలుగేళ్ల కిందట నూకరత్నం ఇంటి డాబా మీద ఒక పెద్ద అద్దం పెట్టుకుంది. గాజు కరిగించే ప్రయోగానికి. మామూలు అద్దం కాదది, గిన్నెలా లోపలికి వంగినది, నిలువెత్తు వెడల్పు. దాని మీద పడ్డ ఎండంతా తిరిగి లేచి ఒక్క చోట, నిమ్మకాయంత చోట పోగవుతుంది. అక్కడ కట్టెపుల్ల పెడితే గుప్పున అంటుకుంటుంది. పని లేనప్పుడు నూకరత్నం దాని మీద ఉతికిన పాత పంచె కప్పి ఉంచేది.

ఆ ఎండాకాలం అమ్మమ్మ అప్పలనరసమ్మ గుమ్మడి వడియాలు పెట్టడానికి డాబా ఎక్కింది. వడియాలకి కావలసిందేమిటి? తెల్లటి పాత నూలుబట్ట. ఎదురుగా శుభ్రంగా ఉతికిన పంచె కనబడుతుంటే ఏ ఇల్లాలు ఇంకోటి వెతుక్కుంటుంది? తీసి పరిచింది, వడియాలు పెట్టింది, కాకుల్ని చూస్తూండమని మనవరాలికి చెప్పి కిందికి దిగింది. కాకి వాలింది. తరళ కర్ర పట్టుకుని అద్దం పక్కనుంచి వంగి అదిలించబోయింది. ఆ నిమ్మకాయంత చోటు గాలిలో కంటికి కనబడదు కదా. ఎడమబుగ్గ తిన్నగా అందులోకి వెళ్లింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో అద్దాలన్నీ గోడ వైపు తిప్పేశారు. తరళ అన్నం ముట్టేది కాదు, మంచం దిగేది కాదు. స్నానాల గదిలో బకెట్లో నీళ్లని కూడా చెయ్యి పెట్టి కదిపేసేది, అందులో మొహం కనబడుతుందని. నాన్న సరుకు ఓడ మీద ఎక్కడో సముద్రంలో ఉన్నాడు, ఫోనులో ఏడ్చాడు. నూకరత్నం ఏడవలేదు. పరిశోధనశాలకి వెళ్లి తలుపేసుకుంది.

తిరిగొచ్చినప్పుడు ఆవిడ చేతిలో గుండ్రటి చిన్న అద్దం ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండకి దాన్ని అడ్డం పెట్టింది. గోడ మీద వెలుగు మచ్చ పడింది.

"చూడవే. నేను అద్దాన్ని ఇంత తిప్పితే, గోడ మీద వెలుగు అంతకి రెట్టింపు జరుగుతుంది. అంటే తిప్పాల్సింది చాలా తక్కువ. దుమ్ముకణం కంటే చిన్న అద్దాలు కొన్ని కోట్లు పక్కపక్కన పేర్చి, ఒక్కొక్క దాన్నీ ఇష్టం వచ్చినట్టు వంచగలిగితే? నీ కుడిబుగ్గ మీంచి వచ్చిన వెలుగుని పట్టుకొచ్చి ఎడమబుగ్గ కనబడాల్సిన చోట పెట్టొచ్చు. కంటికి తెలిసిందేమిటి? వెలుగు ఎటునుంచి వస్తే వస్తువు అటే ఉందనుకుంటుంది. నీ కన్ను ఎక్కడుందో అద్దానికి తెలిస్తే చాలు, దాన్ని నమ్మించెయ్యొచ్చు!"

మొదటి అద్దం మంచం దగ్గరికి వచ్చిన రోజు తరళ ఒక కన్ను మూసుకుని, భయపడుతూ భయపడుతూ చూసింది. ఎడమబుగ్గ నున్నగా ఉంది. కుడిబుగ్గ మీది పుట్టుమచ్చ కూడా అక్కడికి వచ్చి కూర్చుంది.

"ఓలమ్మో! రెండో పుట్టుమచ్చ ఏటే?" అని అమ్మమ్మ, తరళ కంటి పక్కన ఫోను పెట్టి అద్దాన్ని తీసిన ఫోటోలో చూసి నోరు నొక్కుకుంది. తరళ ఫక్కున నవ్వింది. కాలిన తర్వాత అదే మొదటి నవ్వు. ఆ నవ్వు విని నూకరత్నం వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాటికల్లా రెండో పుట్టుమచ్చ తీసేసి పట్టుకొచ్చింది.

అద్దానికి పక్కన ఒక మీట ఉండేది. ఆసుపత్రి డాక్టరు చెప్పిన పద్ధతి అది. మొదట్లో బాగుచేసిన మొహం చూపించాలి, తర్వాత కొద్దికొద్దిగా మీట తగ్గించుకుంటూ రావాలి, చివరికి ఉన్న మొహానికే కన్ను అలవాటు పడాలి. ఆ మీట తరళ తనే తగ్గించుకుంది. ఒక వానరోజున దాన్ని పూర్తిగా అడుక్కి తిప్పేసి కూర్చుంది. మచ్చనంతా చూసుకుంది, ఏడ్చింది, అమ్మమ్మ తెచ్చిచ్చిన పులిహోర తింది, పడుకుంది. లేచాక మళ్లీ చూసుకుంది. మొహం అక్కడే ఉంది, తనదే.

"అమ్మా, నాకింక ఈ అద్దం అక్కర్లేదు" అని చెప్పింది.

"సరే, ఆపేశాను. మామూలు అద్దంలా వాడుకో" అంది నూకరత్నం. ఆ అద్దాన్నే తెచ్చి హాల్లో బీరువా ఎదురుగా గోడకి బిగించింది.

ఆపేశానన్నది అబద్ధమని తరళకి ఇప్పుడు తెలుస్తోంది. కాలేజీ ఎగ్గొట్టి ఆ పూటంతా అద్దం ముందే తిరిగింది. దూరం నుంచి చూసింది, వంగి చూసింది, పక్కనుంచి చూసింది. ఎటు చూసినా బుద్ధిగా మామూలు అద్దంలాగే ఉంది. అమ్మ ఉన్నప్పుడే దానికి ఏదో అవుతోంది. ఇదివరకు కూడా అమ్మ నిలబడి దువ్వుతున్నప్పుడు, ఆవిడ కళ్లు పైన ఉండేవి కాబట్టి, తన మొహం మీద కాకుండా ఆవిడ చీర మీద ఆ తళతళ కనబడేది, జరీ అనుకుని వదిలేసింది.

మర్నాడు పొద్దున్న జడ సగంలో ఉండగా, అమ్మ అద్దంలోకి చూడ్డానికి భుజం మీదికి వంగగానే తరళ అమ్మమ్మని పిలిచింది.

"అమ్మమ్మా, ఇలా రా. నా ఎడమభుజం మీద గడ్డం పెట్టి కూర్చో."

"ఏటే ఈ ఇడ్డూరం? పొయ్యి మీద పప్పుంది."

"పప్పెక్కడికీ పోదు, రా."

కుడిభుజం మీద అమ్మ గడ్డం, ఎడమభుజం మీద అమ్మమ్మ గడ్డం. ముగ్గురూ అద్దంలోకి చూశారు. అమ్మమ్మ కళ్లు చికిలించింది.

"ఏటే పిల్లా, నీ మొకం గజిబిజిగా సేపపొలుసులాగ మెరిసిపోతంది? అద్దం పాడైపోనాదేటి?"

"నాకూ అలాగే ఉంది. అమ్మా, నీకు?"

నూకరత్నం చటుక్కున లేచి నిలబడింది. దువ్వెన కింద పడింది.

"నీకు మాత్రం బాగానే కనబడుతోంది కదూ? నున్నగా, మచ్చ లేకుండా. అద్దాన్ని నీ కళ్లకి కట్టేశావు. ఒకేసారి ఒక్కరి కంటినే అది నమ్మించగలదు. మిగతావాళ్లకి ఆ చెదిరిన వెలుగే మిగులుతుంది. అవునా?"

"అది... సర్దుబాటు చెయ్యడం మర్చిపోయానే."

"అబద్ధాలు నీకు చేతకావమ్మా. నా మొహం చూసి ఎన్నాళ్లయింది?"

"రోజూ చూస్తూనే ఉన్నానుగా!"

"అద్దంలో. నన్ను, నా మొహాన్ని చూసి ఎన్నాళ్లయింది?"

అడుగుతూ ఉంటేనే తరళకి అన్నీ ఒక్కొక్కటిగా తెలిసొచ్చాయి. భోజనాల దగ్గర అమ్మ ఎప్పుడూ తన కుడిపక్కనే కూర్చుంటుంది. కారు నడిపేటప్పుడు తనని ఎడమపక్క సీట్లోనే కూర్చోమంటుంది, స్టీరింగు దగ్గర్నుంచి చూస్తే కనబడేది కుడిబుగ్గే. జ్వరం వస్తే నుదురు తడిమి చూడ్డం కూడా వెనకనుంచే. తను ఎదురుగా వెళ్లి నిలబడితే ఆవిడకి ఉన్నట్టుండి ఫోనో, గ్యాసుస్టవ్వో గుర్తొస్తుంది. ఇన్నాళ్లూ అమ్మ పనిరాక్షసి అని సరిపెట్టుకుంది తను. ఎంత వెర్రిబాగుల్దాన్ని అనుకుంది.

"చూడలేనే!" అంది నూకరత్నం. "డాబా మీద అద్దం పెట్టింది నేను. పంచె తప్ప ఇంకేం కప్పకుండా వదిలేసింది నేను. నిన్ను కాల్చింది నేనే. పొద్దున్నే అది చూసి మళ్లీ వెళ్లి పని చెయ్యమంటావా? ముద్ద దిగుతుందా నాకు? రోజుకొక్కసారి, జడ వేసినంతసేపు, నా కూతుర్ని మునుపటిలా చూసుకుంటే తప్పేంటే?"

"నీ కూతురు ఇది! మునుపటిలాంటిది కాదు, ఇది!" తరళ వేలితో బుగ్గ మీద పొడుచుకుంది. "నీ తప్పుని నా మొహం మీంచి తుడిచేస్తే నేను కూడా తుడుచుకుపోతానమ్మా. నేను ఇంట్లో తిరుగుతున్నా నీకు నేను లేను."

అప్పలనరసమ్మ నేల మీది దువ్వెన తీసింది.

"గుడ్డ తీసింది నాను కదమ్మా రత్నం" అంది. "నీది తప్పైతే నాది అంతకన్నా పెద్ద తప్పు. నాను దాని బుగ్గకి రోజూ ఎన్నపూస రాస్తన్నాను. మొదట్లో కళ్లు మూసుకుని రాసేదాన్ని. అది తిట్టింది, కళ్లు తెరిసి రాయి అమ్మమ్మా అని. తెరిసాను. సూడగా సూడగా ఇప్పుడు నాకది బుగ్గే."

నూకరత్నం జడ సగంలోనే వదిలేసి బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. తరళ మిగతా జడ అమ్మమ్మ చేత వేయించుకుని, తనూ ఆటో ఎక్కి పరిశోధనశాలకి బయల్దేరింది. కోపం చల్లారకముందే తేల్చుకోవాలనుకుంది.

అక్కడ అమ్మ గదిలో ప్రసన్నకుమార్ ఉన్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీ మనిషి. ఈ అద్దాన్ని తయారుచేసి అమ్మే హక్కులు తీసుకున్నది వాళ్లే. మనిషి చెడ్డవాడు కాడు, చమత్కారంగా మాట్లాడతాడు, ప్రతి మాటకీ అమ్మా అని చేరుస్తాడు.

"రామ్మా రా, నీ గురించే అనుకుంటున్నాం! అద్దం విడుదల వచ్చేవారమే. స్టేజి మీద కూర్చోవాల్సింది నువ్వే. కాలిన గాయాల వార్డు నుంచి ఇంకెవర్నో తెస్తే జనం మనసుకి ఏం తగులుతుంది? కనిపెట్టినావిడ కన్నకూతురు కూర్చుంటే ఆ దెబ్బే వేరు!"

గదిలో వరసగా ఆరేడు కొత్త అద్దాలు గోడకి ఆనించి ఉన్నాయి. తరళ ఒకదాని చట్రం చుట్టూ తడిమి చూసింది.

"మీట ఎక్కడుంది?"

"తీసేశాం. మీటుంటే జనం తిప్పుతారు. తిప్పితే ఉన్న మొహం కనబడుతుంది, కనబడితే దిగులు పడతారు. మనం అమ్మేది దిగులు కాదు కదమ్మా! ఆసుపత్రులు ఎన్ని కొంటాయి చెప్పు? బట్టల కొట్లు, పెళ్లి మండపాలు, లిఫ్టులు... చర్మం మీద మచ్చ, బొల్లి, మొటిమలు, ఏదుంటే అది పోతుంది. ఇదిగో, ఇది ఇంకో రకం. ఇంట్లోవాళ్ల కోసం." అతను ఒక అద్దాన్ని ముద్దుగా తట్టాడు. "అద్దం ముందు కూర్చున్నవాళ్ల కళ్లకి కాకుండా, పక్కనున్నవాళ్ల కళ్లకి కట్టుకోవచ్చు. పాపం, చూసేవాళ్లకీ బాధే కదా. మీ అమ్మగారు ఇంట్లో వాడుతున్న పద్ధతే. ఆవిడ కంప్యూటర్లో అద్దం అమరికలు చూస్తుంటే మా కుర్రాళ్ల కంటపడింది. అద్భుతం అనుకున్నాం."

తరళ తల్లి వైపు చూసింది. నూకరత్నం మొహంలో నెత్తురుచుక్క లేదు. తను ఇంట్లో దొంగతనంగా చేసుకున్నది అమ్మకానికి వస్తుందని ఆవిడకీ తెలిసినట్టు లేదు. కానీ వద్దని మాత్రం అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది.

తరళకి కాలిన గాయాల వార్డులో తన పక్కమంచం మీద ఉన్న చిన్నపిల్ల గుర్తొచ్చింది. దాన్ని చూడ్డానికి వచ్చిన మేనత్త గుమ్మంలోంచే కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయేది. రేపు ఆ మేనత్త ఈ అద్దం కొంటుంది. పిల్లని దాని ముందు కూర్చోబెట్టి, తనకి కావలసిన పిల్లని చూసుకుని, హాయిగా ఇంటికి పోతుంది. ఎదురుగా ఉన్న పిల్లకి మాత్రం చేపపొలుసులే. పళ్లు కొరుక్కుంది తరళ.

"కూర్చుంటాను" అంది.

నూకరత్నం గబుక్కున తిరిగింది. నమ్మలేనట్టు, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు, కూతురి భుజం మీద చెయ్యి వేసింది. కుడిభుజం మీదే.

విడుదల రోజున హాలు కిటకిటలాడిపోయింది. స్టేజి మీద నిలువెత్తు అద్దం, దాని ముందు గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ, కొంచెం వెనగ్గా మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా. హాల్లో ఇంతమంది కళ్లకి ఒకేసారి కట్టడం అద్దానికి సాధ్యం కాదు కాబట్టి ఆ కెమెరా కంటికి కట్టారు. కెమెరాకి కనబడింది వెనక పెద్ద తెర మీద అందరికీ కనబడుతుంది. తరళని పక్క తలుపులోంచి తెచ్చి, హాలుకి వీపు, అద్దానికి మొహం వచ్చేలా కూర్చోబెట్టారు. హాల్లో దీపాలు ఆర్పేశారు. ముందు వరసలో నూకరత్నం, ఆవిడ పక్కన పట్టుచీరలో బిగుసుకుని కూర్చున్న అప్పలనరసమ్మ.

"ఈ అమ్మాయి మొహం ఎండకి కాలిపోయింది" అని ప్రసన్నకుమార్ మైకులో చెబుతున్నాడు. "ఎంత దారుణంగా కాలిందో మీకు చూపించి బాధపెట్టను. ఇప్పుడు చూడండి!"

తెర మీద తరళ మొహం వెలిగింది. రెండు బుగ్గలూ నిగనిగలాడుతున్నాయి. హాలంతా చప్పట్లు. ఎవరో అబ్బా అన్నారు. ఇంకెవరో, చందమామలా ఉంది పిల్ల అన్నారు. నూకరత్నం తెర వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది.

తరళకి అద్దంలో కనబడుతున్నది తళతళే. ఈ చప్పట్లు ఎవరికో అనుకుంది. తనకి కావు. ఏడాది పాటు మంచినీళ్లు తాగినా మండిన బుగ్గకి కావు, వానరోజున ఒక్కతే కూర్చుని మీట తిప్పుకున్న పిల్లకీ కావు. ఈ హాల్లో ఉన్న ఒక్కరికీ తను తెలియదు, కన్నతల్లితో సహా. ఒళ్లు మండిపోయింది.

నేల మీద కాలు తన్ని కుర్చీని గిర్రున తిప్పింది.

ఇప్పుడు ఆమె వీపు అద్దం వైపు, మొహం జనం వైపు ఉన్నాయి. స్టేజి దీపం నేరుగా ఎడమబుగ్గ మీద పడింది. చప్పట్లు అక్కడక్కడా మోగి ఆగిపోయాయి. కెమెరా మాత్రం అద్దాన్నే చూస్తోంది. అద్దంలో బాగుచెయ్యడానికి మొహం లేదు. తెర మీద ఆడపిల్ల తల వెనకభాగం ఒక్కటే కనబడుతోంది.

ప్రసన్నకుమార్ నవ్వు చెదరనివ్వకుండా దగ్గరికొచ్చాడు. "అమ్మా తరళా, కంగారుపడ్డట్టున్నావు. అద్దం వైపు తిరగమ్మా."

"తిరగను."

"ఒక్క నిమిషమమ్మా..."

"తిరగనని చెప్పాగా! బాధపడతారని వీళ్లకి చూపించనన్నారు. నన్నడిగారా? ఇది నా మొహం. దీన్ని చూసి మీరు బాధపడితే ఆ బాధ మీరే పడండి, అంతేగానీ నన్ను చెరిపెయ్యకండి." ఆమెకి మైకు లేదు. అయినా గొంతు వెనక వరసల దాకా వినబడింది. "ఈ అద్దం చెడ్డదని నేననను. మంచం దిగలేని రోజుల్లో నన్ను దింపింది ఇదే. కానీ దీనికి మీట ఉండాలి. ఆ మీట మొహం ఎవరిదో వాళ్ల చేతిలోనే ఉండాలి. ఇంకొకరి కళ్ల సుఖానికి నన్ను తీసుకెళ్లి దీని ముందు కూర్చోబెడితే, ఇదిగో, ఇలా వీపు పెడతాను. ఎక్కడ పెడితే అక్కడ, ఎన్ని పెడితే అన్నిటికీ."

"తెర ఆపండి, తెర!" ప్రసన్నకుమార్ పక్కకి చూసి కేకేశాడు. తెర ఆరిపోయింది.

తరళ అతని వైపు చూడలేదు. ముందు వరస వైపు చూస్తోంది. నూకరత్నం తల దించుకుని ఉంది. ఆరిపోయిన తెర వైపు ఒకసారి చూసింది, ఒళ్లో బ్యాగు వైపు చూసింది, కాళ్ల వైపు చూసింది. ఆవిడకి చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు.

"అమ్మా" అంది తరళ. "ఇటు."

అప్పలనరసమ్మ కూతురి మోచెయ్యి పట్టుకుని లేపబోయింది. నూకరత్నం ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుని తనే లేచింది. మెట్లెక్కుతుంటే చీర కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడ్డాయి. కుర్చీ దగ్గరికొచ్చింది. అలవాటుకొద్దీ కుడిపక్కకి వెళ్లబోయి ఆగింది. ఎదురుగా వచ్చి నిలబడింది.

"మేడమ్, మీరైనా చెప్పండి" అన్నాడు ప్రసన్నకుమార్.

"హాల్లో లైట్లన్నీ వెయ్యండి" అంది నూకరత్నం. కుర్ర సైంటిస్టులు కప్పులు కింద పెట్టే గొంతు అది. "నాకు సరిగ్గా కనబడటం లేదు."

దీపాలన్నీ వెలిగాయి. నూకరత్నం కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగి మొహం అలుక్కుపోతుంటే పమిటతో గట్టిగా తుడుచుకుని మళ్లీ చూసింది. చెయ్యెత్తి కణత దగ్గర వేలు పెట్టింది. ముడతల మీదుగా కిందికి, దవడ దాకా, అంగుళం అంగుళం తడుముకుంటూ వచ్చింది.

"ఇంత పెద్దదా తరళా?"

"తగ్గాక ఇంతమ్మా" అంది తరళ. "మొదట్లో మెడ దాకా ఉండేది. నువ్వు చూళ్లేదు."